ముసలవ్వ మంచం, ముగ్గురు దొంగలు: ఏడు చుక్కలకు ఇన్ని కథలెందుకు?

ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో పాతతరం వాళ్లకు ఆకాశం పంచాంగంలో ఉన్నట్టు ఉండదు. కృత్తికల గుంపు వాళ్లకు పిల్లలకోడి, వరసగా నిలబడ్డ మూడు చుక్కలు గొల్లకావడి, ఉత్తరాన కనిపించే సప్తర్షులేమో మంచం కోళ్లు. ఈ చివరి పేరుకు ఒక కథ కూడా ఉంది. నాలుగు చుక్కలు ముసలవ్వ మంచం, దాని వెనక వంకరగా ఉన్న మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోదామని వచ్చిన ముగ్గురు దొంగలు. ముసలవ్వ ఎవరు, అంతమంది దేవుళ్లుండగా దొంగలు ఆమె గడంచ మీదనే ఎందుకు పడ్డరు, మంచానికి ఏముందని, ఇవన్నీ చెప్పేవాళ్లను బట్టి మారుతుంటాయి. మారనిది ఒక్కటే: నాలుగు ఒక వస్తువు, మూడు దాని వెంట పడే మనుషులు.

ఈ కథ తెలుగువాళ్లది మాత్రమే కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన మయాంక్ వాహియా, ఆయనతో కలిసి గణేశ్ హల్కారే, విదర్భ గోండుల ఊళ్లు తిరిగి వాళ్ల చుక్కల జ్ఞానాన్ని రాసుకుని 2013లో ప్రచురించారు. అక్కడా నాలుగు చుక్కలు మంచమే, మూడు చుక్కలు దొంగలే. ఆదిలాబాద్ అడవి, విదర్భ అడవి మధ్య మ్యాపులో గీత ఉంది గానీ గోండులకు అది ఎప్పుడూ అడ్డం కాలేదు కాబట్టి కథ ఇటు నుంచి అటు పోయిందా, అటు నుంచి ఇటు వచ్చిందా అని తేల్చడం కష్టం, తేల్చాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. అసలు ప్రశ్న వేరే. ప్రపంచమంతా ఈ ఏడు చుక్కల మీద ఇన్ని కథలు కట్టారు కదా, వాటిలో మనుషుల ఊహ ఎంత, ఆకాశం తనంతట తాను చెప్పించింది ఎంత?

చాలామంది ఈ ప్రశ్నకు "ఎవరి సంస్కృతి వాళ్లది, ఎవరి ఊహ వాళ్లది" అని ఒక మాట అనేసి వదిలేస్తారు. అది సగం జవాబే. పేర్లు ఒక్కొక్కటిగా చూస్తే ఇష్టమొచ్చినట్టు పెట్టుకున్నట్టే ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఊహకు మూడు చోట్ల కళ్లెం పడ్డట్టు కనిపిస్తుంది. ఒకటి ఆకారం, రెండోది ఆ చుక్కలు నడిచే దిక్కు, మూడోది కథ చెప్పే మనిషి ఏ అక్షాంశం మీద నిలబడి చూస్తున్నాడన్నది.

ఆకారం సంగతి సులువు. ఏడింటిలో ఆరు ఇంచుమించు ఒకే వెలుగుతో, రెండో తరగతి ప్రకాశంతో ఉంటాయి. ఒక్కటి మాత్రం మసక. మనవాళ్లు అత్రి అన్న చుక్క అది, సరిగ్గా మంచమూ దొంగలూ కలిసేచోట ఉంటుంది. దాంతో కంటికి నాలుగూ మూడూ విడివిడిగా తోస్తాయి. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ విభజన దాదాపు అలాగే ఉంది. అరబ్బులకు ఆ నాలుగు చుక్కలు శవాన్ని మోసే పాడె, వెనకున్న మూడు చుక్కలు తండ్రి పాడె వెంట ఏడుస్తూ నడిచే ఆడపిల్లలు. తండ్రిని చంపింది ధ్రువ నక్షత్రమని, పగ తీర్చుకోడానికే వాళ్లు ఆ చుక్క చుట్టూ తిరుగుతున్నారని కూడా చెప్పుకున్నారు. పాత బాబిలోనియా మట్టి పలకల మీద అది బండి. యూరప్‌లో చాలాచోట్ల బండే, ఇంగ్లండులో నాగలి. రోమన్లు ఏడు దుక్కిటెద్దులన్నారు. డచ్చి వాళ్లకు వంటగిన్నె, మలయ్ భాష మాట్లాడేవాళ్లకు పడవ. పురాతన ఈజిప్టువాళ్లు మాత్రం అందరినీ వదిలేసి ఎద్దు ముందుకాలు అన్నారు, వాళ్ల సమాధుల పైకప్పుల మీద ఆ కాలు బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నడిచే దిక్కు దగ్గరికొస్తే కథలు రెండుగా చీలిపోతాయి, దాన్ని ఎందుకో పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

ఈ ఏడూ ధ్రువ నక్షత్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతాయి. అలా తిరిగేటప్పుడు ముందుండేది నాలుగు చుక్కల గుంపు, వెనకాల వచ్చేది మూడు చుక్కల వరస. రాత్రంతా, ఏడాదంతా, ఎక్కడి నుంచి చూసినా ఇది మారదు. అంటే దొంగలు మంచం వెనకాలే ఉంటారు, ఎప్పటికీ ముందుకు రారు, మంచాన్ని అందుకోనూ అందుకోరు. కూతుళ్లు పాడె వెనకే నడుస్తారు. ఎలుగుబంటి అన్నవాళ్ల కథలో మూడు చుక్కలు వేటగాళ్లయితే వాళ్లూ వెనకాల తరిమేవాళ్లే. ఈ కథలన్నీ ఆకాశం నడకకు సరిపోతాయి.

బండి కథ సరిపోదు. బండి అన్నప్పుడు నాలుగు చుక్కలు చక్రాలు, మూడు చుక్కలు నొగ లేదా కట్టిన పశువులు అవుతాయి. అప్పుడు బండి ముందుండి ఎడ్లు వెనకాల పోతున్నట్టవుతుంది! నిజానికి ఆకాశంలో ఆ బండి రోజూ వెనక్కే నడుస్తోంది, వేల ఏళ్లు దాన్ని బండి అన్నవాళ్లకు అది అడ్డం రాలేదు. నాగలి కూడా ఇంతే. దీన్ని బట్టి ఒకటి అనుకోవచ్చు: బండి, నాగలి, గిన్నె లాంటి పేర్లు ఆకారాన్ని ఒక్కసారి చూసి పెట్టినవి, దొంగలు, కూతుళ్లు, వేటగాళ్లు ఉన్న కథలు రాత్రి చాలాసేపు మేలుకుని కదలికను చూసినవాళ్లు అల్లినవి. కాపలా కాసేవాళ్లు, మందలు తోలేవాళ్లు, వేటకు పోయేవాళ్లు, ఎండాకాలం నిద్రపట్టక వాకిట్లో దొర్లేవాళ్లు. ఇది కచ్చితమైన రుజువేమీ కాదు, కానీ ఎడారిలో ఒంటెల వెంట నడిచినవాళ్లకూ అడవి అంచున చేను కావలి కాసినవాళ్లకూ ఒకే రకం కథ తట్టడానికి ఇంతకంటే మంచి కారణం కనిపించదు.

ఇక అక్షాంశం. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ధ్రువ నక్షత్రం ఇక్కడ ఉత్తర దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది, చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తు. ధ్రువానికి 18 డిగ్రీల లోపు ఉన్న చుక్కలే ఇక్కడ అస్తమించకుండా ఉంటాయి. ఏడు చుక్కల్లో ధ్రువానికి బాగా దగ్గరగా ఉన్నది కూడా 28 డిగ్రీల దూరంలో ఉంది. అందుకని ఇక్కడ ఏడింటికి ఏడూ ఉదయిస్తాయి, అస్తమిస్తాయి. యూరప్ వాళ్లు రాసిన పుస్తకాలు చూసి "సప్తర్షులు ఎప్పుడూ అస్తమించవు" అని తెలుగులో రాసేవాళ్లు ఒక్కసారి అక్టోబరు నెలాఖరులో రాత్రి ఎనిమిదింటికి పరకాల దిక్కున్న ఏ చెరువుకట్ట మీదికో ఎక్కి ఉత్తరం వైపు చూస్తే సరిపోతుంది, ఒక్క చుక్క ఉండదు.

హోమర్ ఇలియడ్‌లో దీనికి పూర్తిగా తిరగబడ్డ మాట ఉంది: ఎలుగుబంటి, దాన్నే బండి అని కూడా అంటారు, అదొక్కటే సముద్రంలో స్నానం చెయ్యదు అని. గ్రీసు దేశం ఉండేది 38 డిగ్రీల దగ్గర. పైగా భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకుంటుంది కాబట్టి, ఆ కాలానికి ఈ చుక్కలు ధ్రువానికి ఇప్పటికంటే దగ్గరగా ఉండేవి. అక్కడివాళ్లకు అవి మునగడమే లేదు. కళ్ల ముందున్న ఈ వింతకు కారణం కావాలి కదా, దానికి తర్వాత కథ వచ్చింది. దేవతల రాజు జూపిటర్ మోజుపడ్డ కలిస్టో అనే ఆమెను ఎలుగుబంటిని చేశారు, కొడుకే తెలియక ఆమెను బల్లెంతో పొడవబోతే జూపిటర్ ఇద్దరినీ ఆకాశానికి ఎత్తాడు, అప్పటికీ కసి తీరని జూపిటర్ భార్య జూనో సముద్ర దేవతల దగ్గరికి పోయి దాన్ని మీ నీళ్లలో దిగనియ్యకండని మాట తీసుకుంది. రోమన్ కవి ఓవిడ్ ఈ కథ చెప్పిన తీరు ప్రసిద్ధం. సవతి పోరు మీద నడిచే ఈ కథ మన దగ్గర కూడా బాగానే పండేది, కానీ దాని చివరి ముడి ఇక్కడ పడదు. వరంగల్ ఆకాశంలో ఎలుగుబంటి రోజూ స్నానం చేస్తుంది.

ఉత్తర అమెరికాలో మిక్‌మాక్ జాతివాళ్ల కథలో ఈ అక్షాంశం ముద్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. స్టాన్స్‌బరీ హేగర్ 1900లో దాన్ని నమోదు చేశాడు. నాలుగు చుక్కలు ఎలుగుబంటి, తరిమేవాళ్లు ఏడుగురు, అందరూ పిట్టలే. ముందున్న ముగ్గురు మన మూడు చుక్కలు, వెనకాల నలుగురు దక్షిణంగా ఉన్న వేరే చుక్కలు. వసంతంలో ఎలుగు గుహలోంచి బయటికొస్తుంది, వేసవంతా వేట నడుస్తుంది, చలికాలం దగ్గర పడేసరికి వెనకున్న నలుగురు దారి తప్పిపోతారు. వాళ్ల అక్షాంశంలో ఆ నాలుగు చుక్కలూ అప్పుడు దిగంతం కిందికి దిగిపోతాయి, ముందున్న మూడూ దిగవు. మిగిలిన ముగ్గురిలో రాబిన్ పిట్ట ఎలుగును బాణంతో కొడుతుంది, నెత్తురు పిట్ట రొమ్ము మీద పడుతుంది, అది విదిలిస్తే మేపుల్ చెట్ల ఆకులు ఎర్రబడతాయి. రెండో వేటగాడి పక్కన మినుకుమనే చిన్న చుక్క, మాంసం వండుకోడానికి తెచ్చుకున్న కుండ. కథలో ఒక్క వాక్యం కూడా ఊరికే లేదు, ఏ నెలలో ఏ చుక్క ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకోడానికి అది పనికొస్తుంది. ఆకురాలు కాలంలో సాయంత్రం ఉత్తరాన ఏమీ కనిపించని మన ఊళ్లలో ఇలాంటి కథ పుట్టే వీలే లేదు.

మరి మన ఆకాశం మన కథకు ఏమిచ్చింది? వరంగల్ దగ్గర జనవరి నడిమిలో రాత్రి ఏడు దాటాక మొదటి చుక్క ఈశాన్యంలో లేస్తుంది, ఆఖరి దొంగ పైకొచ్చేసరికి పదకొండవుతుంది. మంచం ముందు, దొంగలు ఒకరి తర్వాత ఒకరు, తీరిగ్గా. మేడారం జాతర మాఘ పున్నమి రోజుల్లో, రాత్రి పది పదకొండు గంటలకు జంపన్నవాగు ఒడ్డు నుంచి ఈశాన్యం చూస్తే, వెన్నెల్లో కూడా ఈ ఏడూ పోల్చుకోవచ్చు, పగటిపూట గోడకు ఆనించిన గడంచ లాగ మంచం నిట్టనిలువుగా ఉంటుంది, దొంగలు దాని కింద ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా అది ఉత్తరాన సగం ఎత్తుకు వచ్చి అడ్డంగా పరుచుకుంటుంది. ఆ నెలల్లోనే వరంగల్, కరీంనగర్, భూపాలపల్లి దిక్కు జనం ఇంట్లో ఉడకపోతకు తట్టుకోలేక మంచాలు వాకిట్లోకో డాబా మీదికో తెచ్చుకునేవాళ్లు. అంటే మంచం మీద పడుకున్న మనిషికి కళ్ల ముందు పైన మంచం కనిపించే కాలం అది. వానాకాలం మొదలై మంచాలు లోపలికి పోయేసరికి ఆకాశంలో మంచం కూడా వాయవ్యానికి ఒరిగిపోతుంది, మబ్బులు దాన్ని సగం రోజులు చూడనివ్వవు. ఇదంతా కాకతాళీయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాగళ్లూ బండ్లూ మన దగ్గర లేక కాదు కదా, వ్యవసాయమే బతుకైన ఊళ్లలో నాగలి అనే పేరు స్థిరపడకుండా మంచం స్థిరపడిందంటే, చూసే మనిషి ఏ నెలలో, ఏ భంగిమలో చూశాడన్నది దానికి ఒక కారణమై ఉండాలి.

అరబ్బుల పాడెకూ మన మంచానికీ ఉన్న పోలిక కూడా ఇక్కడే తేలుతుంది. మక్కా 21 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, మనకు పెద్ద తేడా లేదు. ఏడు చుక్కలు వాళ్లకూ మునుగుతాయి, ముందు నాలుగు, వెనక మూడు. వరంగల్లో లెక్క వేస్తే నాలుగో కోడు కూడా దిగిపోయిన తర్వాత ఒక దొంగ అరగంటో కాస్త ఎక్కువో, మిగతా ఇద్దరు గంటసేపో ఆకాశంలో మిగిలిపోతారు, ఎత్తుకుపోదామన్న మంచం మాత్రం చేజారిపోతుంది. పాడె సమాధిలోకి దిగిపోయాక కూతుళ్లు మిగలడం కూడా అదే దృశ్యం. రెండు కథలకు చుట్టరికం వెతకాల్సిన పని లేదు, చుక్కలే ఆ రెంటినీ ఒక దారిలో నడిపించాయి.

చుట్టరికం వెతకాల్సింది ఎలుగుబంటి దగ్గర. ఎందుకంటే ఈ ఏడు చుక్కల్లో ఎలుగుబంటి ఏ కోశానా కనిపించదు. పైగా మూడు చుక్కలు తోక అంటే, ఎలుగుబంటికి అంత తోక ఎక్కడిది? మన అడవుల్లో తిరిగే ఎలుగైనా, యూరప్ ఎలుగైనా తోక బెత్తెడు కూడా ఉండదు. గ్రీకులు, సైబీరియా జాతులు, అమెరికా ఆదివాసులు, ఇంత దూరదూరాన ఉన్నవాళ్లంతా కనిపించని జంతువును ఒకేచోట చూశారంటే ఊరికే కుదిరిన పోలిక అనడం కష్టమే. జూలియన్ డి హుయ్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు, జీవశాస్త్రంలో జాతుల వంశవృక్షాలు గీసే పద్ధతిని ఈ వేట కథలకు వర్తింపజేసి, సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నేల కలిసి ఉన్న రోజుల్లోనే, అంటే 15,000 ఏళ్లకు ముందే, కథ అమెరికాకు నడిచిపోయిందని వాదించాడు. వాదన ఆకర్షణీయంగా ఉంది. కానీ కథల్లో ఏది ఒక లక్షణం, ఏది రెండు అని లెక్కపెట్టేది మనిషే కాబట్టి, దాన్ని జన్యువుల లెక్కంత గట్టిగా నమ్మడానికి లేదు. ఎలుగుబంటి వరకు ఒప్పుకోవచ్చు, ప్రతి పోలికనూ మంచుయుగం దాకా లాక్కుపోవడం మాత్రం అతి.

మన సంస్కృత సంప్రదాయం ఈ ఎలుగుబంటి విషయంలో రెండు పడవల మీదా కాళ్లు పెట్టింది. రుగ్వేదం మొదటి మండలంలో, పైన పెట్టిన ఈ రుక్షాలు రాత్రి కనిపిస్తాయి, పగలు ఎక్కడికి పోతాయి అని ఒక ప్రశ్న ఉంది. రుక్షం అంటే ఎలుగుబంటి. శతపథ బ్రాహ్మణమైతే ఇంకా సూటిగా, సప్తర్షులను పూర్వం రుక్షాలు అనేవారని చెబుతుంది. కృత్తికలు వీళ్ల భార్యలని, ఆ భార్యాభర్తలకు కలయిక లేకుండా పోయిందని, అందుకే రుషులు ఉత్తరాన, కృత్తికలు తూర్పున ఉదయిస్తారని కూడా అక్కడే ఉంది. ఎలుగుబంట్లు రుషులయ్యాక నాలుగు, మూడు అనే తేడా చెరిగిపోయింది, క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వశిష్ఠుడు, మరీచి, ఏడుగురూ సమానమే. వస్తువు లేదు, వెంటపడేవాళ్లూ లేరు. కథ చెప్పడానికి ఇది నిజానికి నష్టమే, ఏడుగురు ముసలి రుషులు ధ్యానంలో ఉంటే కథ ఎట్లా కదులుతుంది? అందుకే పురాణం కథను వాళ్ల భార్యల దగ్గరికి తీసుకుపోయింది. మహాభారతంలో అగ్ని రుషిపత్నుల మీద మనసు పడితే స్వాహాదేవి ఆరుగురి రూపాలు ధరించగలిగింది, అరుంధతి రూపం మాత్రం ధరించలేకపోయింది. నిందపడ్డ ఆరుగురు కృత్తికలయ్యారు, అరుంధతి ఒక్కతే వశిష్ఠుడి పక్కన మిగిలింది.

ఆ అరుంధతే మిక్‌మాక్ వేటగాడి కుండ. అరబ్బులు దాన్ని సుహా, అంటే మరచిపోయిన చుక్క అని, చూపు పరీక్షకు వాడుకున్నారు, "నేను వాడికి సుహాను చూపిస్తే వాడు నాకు చంద్రుణ్ణి చూపిస్తాడు" అనే సామెత కూడా ఉంది వాళ్లకు. మనకు పెళ్లిలో పురోహితుడు చూపించే చుక్క. మిట్టమధ్యాహ్నం ఫంక్షన్ హాలు వాకిట్లో నిలబెట్టి "అమ్మా, కనబడిందా" అంటే, కళ్లు చిట్లించి "కనబడింది" అనడం అందరికీ అలవాటే. సాయంత్రం ముహూర్తమైనా నెలను బట్టే ఉంటుంది. వైశాఖంలో చీకటి పడగానే ఉత్తరాన నిక్షేపంగా కనిపిస్తుంది, కార్తీకంలో మాత్రం అర్ధరాత్రి బాగా దాటితే తప్ప దిగంతం మీదికే రాదు.

చైనావాళ్ల సంగతి కొంత వేరు. వాళ్లు దీన్ని కొలపాత్ర, కాడ ఉన్న గరిటె అన్నారు గానీ కథ కంటే ఎక్కువగా గడియారంలా వాడారు. చీకటి పడేవేళ కాడ తూర్పు చూపిస్తే వసంతం, దక్షిణం చూపిస్తే వేసవి, పడమరైతే శరత్తు, ఉత్తరమైతే శీతాకాలం అని పాత లెక్క. సీమా చియెన్ రాసిన చరిత్రలో ఇది చక్రవర్తి రథం. షాన్‌డాంగ్‌లో రెండో శతాబ్దపు వూ కుటుంబం సమాధి మందిరాల్లో ఈ గరిటెలోనే కూర్చున్న ప్రభువు శిల్పం ఉంది. ఉత్తర గరిటె చావును రాస్తుందని, దక్షిణాన ఉన్న వేరే చుక్కల గుంపు, దక్షిణ గరిటె, పుట్టుకను రాస్తుందని కూడా నమ్మారు. కొరియాలో శవపేటిక అడుగున ఏడు రంధ్రాలున్న పలక పెట్టే ఆచారం వచ్చింది, ఆ ఏడూ ఈ చుక్కలే. అరబ్బుల పాడె ఆకారం చూసి పుట్టింది, కొరియా పలక నమ్మకం నుంచి పుట్టింది, రెండూ చావు దగ్గరే చేరాయి కదా అని వాటిని ఒకే గాటన కట్టకూడదు.

ఈ ఏడూ నిజంగా ఒక కుటుంబమేనా అంటే, ఐదు మాత్రం అవును. మధ్యలో ఉన్న ఐదు చుక్కలు ఒకే దిశలో, ఒకే వేగంతో కలిసి ప్రయాణిస్తున్నాయని రిచర్డ్ ప్రాక్టర్ 1869లో గుర్తించాడు. అవి మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. రెండు కొసల్లో ఉన్న క్రతువు, మరీచి మాత్రం వంద దాటిన దూరంలో, వేరే దారిలో పోతున్నాయి. మంచం కథ లెక్కన ఒక కోడు, ఒక దొంగ పరాయివాళ్లన్నమాట, మిగిలిన ఇద్దరు దొంగలు మాత్రం ముసలవ్వకు బంధువులే.

తెలంగాణ పల్లెల్లో ఈ కథను ఇప్పుడు రాసుకునేవాళ్లు సాధారణంగా చెప్పిన మనిషి పేరు, ఊరు, కులం, వయసు రాసుకుని ఊరుకుంటారు. ఏ నెలలో, ఏ జాముకు, మంచం నిలబడి ఉండగా చెప్పారా, పరుచుకుని ఉండగా చెప్పారా, దొంగలు కింద ఉన్నప్పుడా, పైన ఉన్నప్పుడా అన్నది కూడా రాస్తే, ఒక్కో ఊళ్లో దొంగలు ఒక్కో రకంగా ఎందుకు ఓడిపోతారో పోల్చి చూడటానికి దారి దొరుకుతుంది.